తిమ్మిరి వేళ్ళు, సాగే పాళీ

జబ్బు పేరు ముందే చెప్పేస్తాను. కుష్ఠు. కొత్తవాళ్ళెవరైనా అడిగితే చాలా రోజులు "నరాల బలహీనత" అని దాటేశాను. ఇప్పుడు మందులు ఆపి ఏడాది దాటింది. తగ్గిపోయిందని డాక్టరు చెప్పారు. ఇంకా డొంకతిరుగుడుగా మాట్లాడే ఓపిక నాకు లేదు. చేతి మీదో వీపు మీదో తిమ్మిరి మచ్చ ఉండి, దాన్ని కొంగు కింద దాచుకు తిరుగుతున్న మనిషి ఎవరైనా ఇది చదివి రేపు ఆసుపత్రికి వెళితే చాలు. మిగతాదంతా నా మనసు కుదుటపడడానికి రాసుకుంటున్నది.

నా పేరు సుగుణ. అనకాపల్లిలో తెలుగు టీచర్ని. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్ళు అడిగి అడిగి అలిసిపోయారు. తమ్ముడు ప్రభాకర్ బెల్లం మార్కెట్లో ఒక కమీషను కొట్టులో గుమస్తా. వాళ్ళ ఇంటి వెనక వాటాలో ఉంటాను నేను.

నాకంటూ ఉన్న గొప్ప ఒక్కటే, చేతిరాత. మా చర్చిలో కొత్త సంవత్సరం ఉదయం ఆరాధన అయ్యాక అందరూ వాగ్దానం తీసుకుంటారు. చిన్న కార్డుల మీద ఒక్కో వాక్యం రాసి పళ్ళెంలో బోర్లా పెడతారు. ఎవరికి వాళ్ళు చూడకుండా ఒకటి తీసుకోవాలి. ఏది వస్తే అదే ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట. బాగాలేదని మార్చుకోకూడదు. ఇంటికి తీసుకెళ్ళి అద్దం పక్కనో బీరువా తలుపుకో అంటించుకుంటారు. ఏళ్ళ తరబడి ఆ కార్డులన్నీ నేనే రాశాను. మా వాళ్ళ ఇళ్ళల్లో ఏ అద్దంలో మొహం చూసుకున్నా పక్కన నా అక్షరాలు ఉండేవి.

రాయడానికి నాకు సాగే పాళీ ఉన్న పెన్ను కావాలి. మామూలు పాళీ బిరుసుగా ఉంటుంది, గీత మొదలు నుంచి చివరిదాకా ఒకటే లావు. సాగే పాళీ మెత్తన. పైకి వెళ్ళేటప్పుడు చెయ్యి తేలిక చేస్తే వెంట్రుకంత సన్న గీత పడుతుంది. కిందికి దిగేటప్పుడు కాస్త నొక్కితే పాళీ మొన రెండుగా విచ్చుకుని గీత లావెక్కుతుంది, వదిలితే మళ్ళీ దగ్గరికొస్తుంది. మన అక్షరాలు గుండ్రన కాబట్టి ఆ లావూ సన్నమూ వాటికి నగ పెట్టినట్టు అమరుతాయి. అన్నిటికంటే నాకు ఇష్టమైనది క్రావడి, అదే ర వత్తు. అక్షరం కింద నుంచి ఎడమకి తిరిగి పైకి లేచే ఆ ఒక్క మలుపులో రాసేవాళ్ళ చెయ్యి ఏపాటిదో తెలిసిపోతుంది. ఇందులో నాకు కొంచెం పొగరు ఉండేదని మా తమ్ముడు అంటాడు. కొంచెం కాదు, బాగానే ఉండేది.

2006 జులై

ఆరోగ్య శాఖ నుంచి ఒకాయన మా స్కూలుకి వచ్చాడు. పిల్లల ఒంటి మీద స్పర్శ లేని మచ్చలు ఉన్నాయేమో చూస్తారట. ఇంజెక్షను అనుకుని నా క్లాసు పిల్లలు బల్లల కిందికి దూరారు.

"భయమెందుకర్రా? ముందు నాకు చేస్తారు, చూడండి" అని చెయ్యి చాపి కళ్ళు మూసుకున్నాను. ఆయన పెన్ను మొనతో ముట్టుకుంటాడు, ఎక్కడ ముట్టుకున్నాడో నేను వేలు పెట్టి చూపించాలి. అంతే ఆట.

నేను కళ్ళు మూసుకుని నిలబడ్డాను. ఎంతసేపటికీ ఏమీ జరగలేదు.

"కానీయండి" అన్నాను.

పిల్లలు గొల్లున నవ్వారు. "టీచర్, ముట్టుకున్నారు! ఇందాకే ముట్టుకున్నారు! మళ్ళీ ముట్టుకున్నారు!"

నేనూ నవ్వాను, వాళ్ళతో పాటు. కళ్ళు తెరిచి చూస్తే ఆయన నవ్వడం లేదు. మోచేతికి కింద, చాన్నాళ్ళుగా నేను శోభి అనుకుంటున్న లేత మచ్చ దగ్గర ఆయన పెన్ను ఆగి ఉంది. "ఒకసారి బయటికి వస్తారా టీచరుగారూ" అని మెల్లగా అన్నాడు.

అంతకుముందు నుంచే చాక్‌పీసు జారిపోతోంది. చిటికెన వేలు మిగతా వేళ్ళతో కలవకుండా దూరంగా నిలబడుతోంది. షుగరేమో అనుకుని కాఫీలో పంచదార మానేశాను. ఇదీ చదువుకున్నవాళ్ళ తెలివి.

ఆగస్టు

విశాఖలో పెద్దాసుపత్రికి పాసింజరు బండిలో వెళ్ళేదాన్ని. మొదటిసారి తమ్ముడు తోడొచ్చాడు. తర్వాత వాడికి కొట్టులో పని పడింది. బండిలో జనం నన్ను ఒరుసుకుంటూ కూర్చునేవాళ్ళు, ఆసుపత్రి బెంచీ మీద మాత్రం అందరూ ఎడంగా కూర్చునేవాళ్ళు. ఒకరి మొహం ఒకరు చూడరు. పేరు పిలిస్తే గబుక్కున లేచి లోపలికి పోతారు. నెలకి సరిపడా మాత్రల అట్ట చేతికిచ్చి, మొదటి మోతాదు వాళ్ళ ఎదురుగా మింగిస్తారు. ఆ రోజంతా మూత్రం ఎర్రగా వస్తుంది. ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ రోజే గుండె ఆగేది.

ఆ బెంచీ మీదే నూకరత్నం పరిచయమైంది. పూడిమడక మనిషి, చేపలమ్ముకుంటుంది. అందరూ నేల చూపులు చూస్తుంటే ఆమె నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. అడగలేదు, పెట్టుకుంది.

"ఏటి టీచరమ్మా, నీకూ ఈ రెండు ఏళ్ళే వంగిపోనాయేటి?" అంది తన వేళ్ళు పక్కన పెట్టి చూపిస్తూ. "నాకు సేప సేతిలోంచి జారిపోయినా తెల్దు. కిందడ్డాక సూత్తాను."

"మీ ఇంట్లో వాళ్ళకి తెలుసా?"

"సెప్తానేటి? సెప్తే నా సేతి సేప ఎవుడు కొంటాడు? తిన్నోళ్ళందరూ గొంతులో ఏలెట్టుకుంతారు." పకపకా నవ్వింది. తర్వాత కొంగుముడి విప్పి ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు నా అరచేతిలో పోసింది. ఇద్దరం ఒలుచుకుంటూ కూర్చున్నాం. నా చేత్తో ఒలిచినవి ఆమె తీసుకుని తినేసింది. ఆ నెలలో నా చేతి నుంచి తీసుకుని తిన్న మనిషి ఆమె ఒక్కతే.

ఎందుకంటే ఈలోగా సంగతి ఊళ్ళో తెలిసిపోయింది. ఎలా తెలిసిందో చెప్పాలి.

మందులు మొదలుపెట్టాక అంటుకోదని డాక్టరు చెప్పారు. ఆ మాట నేను తమ్ముడికీ, వాడి భార్య శాంతికీ మాత్రమే చెప్పాను. శాంతికి అప్పుడు మూడో నెల. ఆ పిల్ల భయపడింది. భయం ఎక్కడ దింపుకోవాలో తెలియక, ఆ వారం మా చర్చి స్త్రీల సమాజం కూడిక జరిగినప్పుడు ప్రార్థన మనవిగా చెప్పింది. "మా వదినగారి చేతికి కుష్ఠు వచ్చింది, మీ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి" అని. మాలో ఎవరి కష్టమైనా అలాగే చెప్పుకుంటాం. అది మా పద్ధతి. ఆ మనవి పరలోకానికి ఎప్పుడు చేరిందో నాకు తెలియదు గాని, మా ఊళ్ళో గవరపాలెం పేటకి మాత్రం గంటలో చేరింది.

"ప్రార్థన కోసమే కదా వదినా చెప్పేను. నేనేటి ఊరంతా దండోరా ఏసేనా?" అని శాంతి ఏడ్చింది.

"దండోరా వేసినా బాగుండేది. సగం మంది వినేవాళ్ళు కాదు" అన్నాను. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య మాటలు తగ్గిపోయాయి. టీ గ్లాసు నా చేతికివ్వడం మానేసి గట్టు మీద పెట్టి, "వదినా, టీ" అని కేకేసి వెళ్ళిపోయేది. తమ్ముడు అన్నీ చూశాడు. "అప్పా, కడుపుతో ఉన్న పిల్ల, కొంచెం సర్దుకో" అన్నాడు. నేను సర్దుకున్నాను. సర్దుకోవడమంటే ఏమిటో ఆ ఏడాది నేర్చుకున్నాను. ఎవరూ ఏమీ అనకపోయినా, మనమే ముందు జరిగి కూర్చోవడం.

స్కూల్లో హెడ్మాస్టరుగారు చాలా మర్యాదగా సెలవు పెట్టుకోమన్నారు. "నాకేం లేదు టీచరుగారూ, పేరెంట్సు గొడవ చేస్తన్నారు" అన్నారు. ఎవరికీ ఏమీ లేదు. అందరికీ వేరేవాళ్ళతోనే ఇబ్బంది.

సెప్టెంబరు

ఒక సాయంత్రం పంతం కొద్దీ స్త్రీల సమాజం కూడికకి వెళ్ళాను. కార్యదర్శి సరోజనమ్మగారింట్లో. ఆవిడ ఇంటి హాల్లో అద్దం పక్కన నా కార్డులు వరసగా ఉండేవి, ఒక ఏడాది వాగ్దానం కింద ఇంకో ఏడాదిది. ఆ రోజు చూస్తే ఒక్కటీ లేదు. అవి ఉన్న చోట గోడ మీద తెల్లటి మచ్చలు మాత్రం ఉన్నాయి.

నేను చూడడం ఆవిడ చూసింది. "గోడలకి సున్నం ఏయిత్తన్నామమ్మా" అంది.

సున్నం డబ్బా లేదు, నిచ్చెన లేదు. కాలెండరు మాత్రం గోడనే ఉంది. నేను తలూపాను. ప్రార్థన జరుగుతున్నంతసేపూ కళ్ళు మూసుకోలేకపోయాను. దేవుడి మీద కూడా కోపం వచ్చింది, అది దాచుకోను. ఇంటికొచ్చాక ఆ మచ్చలే కళ్ళ ముందు ఉన్నాయి. నా జబ్బుకి నేను భయపడ్డది అప్పుడే. వేళ్ళు వంకర పోతే పోయాయి, నా చేతి నుంచి వచ్చినది ఏదీ ఇక ఎవరికీ అక్కర్లేకుండా పోతుందా అని.

వానలు తగ్గాక

నరం వాపు తగ్గడానికి వేరే మాత్రలు ఇచ్చారు. మొహం ఉబ్బింది. అసలు మందులకి ఒళ్ళు నల్లబడింది. అద్దం చూడడం మానేశాను. చేతికి వ్యాయామం నేర్పే అమ్మాయి, "వేడి గిన్నె పట్టుకునే ముందు కళ్ళతో చూసి పట్టుకోండి మేడం, చెయ్యి మీకు చెప్పదు" అంది. రాసుకోవచ్చా అని అడిగితే, బాల్‌పెన్నుకి గుడ్డ చుట్టి లావు చేసుకుని రాయమంది.

రాశాను. కాగితం తిప్పి చూస్తే వెనకంతా గుంటలు పడి ఉంది, రెండు చోట్ల చిరిగింది. నేనంత గట్టిగా నొక్కానని నాకు తెలియనే లేదు. బాల్‌పెన్ను గీత ఎంత నొక్కినా ఒకటే లావు. చేతికీ తెలియదు, గీతకీ తెలియదు.

విసుగొచ్చి నా పెన్ను తీశాను. సిరా పోసి, ఎప్పటిలాగే "ప్ర" అని మొదలుపెట్టాను. కింద క్రావడి తిప్పుతుండగా పాళీ మొన రెండుగా విచ్చుకుని, అలాగే ఉండిపోయింది. మళ్ళీ దగ్గరికి రాలేదు. కాలు జారి పడ్డ మేకపిల్ల కాళ్ళలా ఆ రెండు కొసలూ చెరో పక్కకి పోయాయి. జబ్బు పేరు విన్నప్పుడు నేను ఏడవలేదు. ఆ పాళీకి ఏడ్చాను. ముందు వాటాలో టీవీ సీరియల్ నడుస్తోంది, నా ఏడుపు వినపడే ప్రమాదం కూడా లేదు.

మర్నాడు ఆ కాగితాన్ని పారేయబోతూ చూశాను. గీత ముందు లావైంది, ఇంకా లావైంది, తర్వాత రెండు గీతలై మధ్యలో తెల్లగా మిగిలింది, ఆ తర్వాతే పాళీ పోయింది. అంటే పోయేముందు పాళీ నాకు చెబుతూనే ఉంది, ఎక్కువ నొక్కుతున్నావు, ఎక్కువ నొక్కుతున్నావు అని. నేను అక్షరాన్ని చూస్తూ కూర్చున్నాను గాని గీతను చూడలేదు. నా వేళ్ళకి తెలియని నొక్కు కాగితం మీద కళ్ళకి కనిపిస్తోంది! బాల్‌పెన్ను చెయ్యలేని పని ఇది.

పెట్టెలో ఇంకో పాత పెన్ను ఉంది. దాని పాళీ కూడా సాగేదే, కాస్త చిన్నది. అది కూడా పోతే మళ్ళీ అలాంటిది దొరకడం కష్టం. అందుకని అక్షరాల జోలికి పోలేదు. నిలువు గీతలు. పైకి సన్నం, కిందికి లావు. తర్వాత సున్నలు. ఎడమ పక్క దిగేటప్పుడు లావు, కుడి పక్క ఎక్కేటప్పుడు సన్నం. ఒకటో తరగతి పిల్లకి పెట్టినట్టు నాకు నేనే పెట్టుకున్నాను, తప్పు రాస్తే నాకు నేనే చీవాట్లు పెట్టుకున్నాను. మాట్లాడేందుకు ఇంకెవరున్నారు గనక. పొద్దున్న పాలబ్బాయి గుమ్మంలో పాలు పోసి పోతే, మళ్ళీ మనిషి గొంతు దగ్గరగా వినడం "వదినా, టీ" అన్నప్పుడే. రోడ్డు మీద చెరకు లారీలు తుమ్మపాల చక్కెర ఫ్యాక్టరీ వైపు పోతుంటే కిటికీ ఊచలు అదిరేవి. అప్పుడు పాళీ ఎత్తి పట్టుకుని, లారీ దాటాక మళ్ళీ మొదలుపెట్టేదాన్ని.

చాలా రోజులు సున్నలన్నీ గారెల్లా వచ్చాయి. తర్వాత ఎప్పుడో ఒక మధ్యాహ్నం కుడి పక్క గీత సన్నంగా లేచింది. నేను చూస్తున్నాను, అది సన్నబడుతోంది. ఎవరికైనా చూపించాలనిపించి కాగితం పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళాను. ఎవరికి చూపించాలో తెలియక తిరిగొచ్చాను.

నూకరత్నానికి చూపిద్దామని ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు సంచిలో పెట్టుకున్నాను. ఆమె రాలేదు. ఆ తర్వాతి నెలా రాలేదు. ఆమె ఊరు నాకు తెలుసు, ఇల్లు తెలియదు. ఊళ్ళోకి పోయి అడిగితే ఎవరు నువ్వు, ఎక్కడి పరిచయం అంటారు. ఆమె దాచుకున్నది నా వల్ల బయటపడుతుంది. అందుకే వెళ్ళలేదు. ఇప్పటికీ వెళ్ళలేదు. మందులు మానెయ్యకుండా ఇంకో చోట తెచ్చుకుంటోందని అనుకుంటూ ఉంటాను.

డిసెంబరు

ఏటా అయ్యగారి ఇంటి నుంచి కత్తిరించిన కార్డుల కట్ట వచ్చేది. మా పాస్టరుగారిని మేం అయ్యగారు అంటాం. ఆ ఏడు కట్ట రాలేదు. క్రిస్మసు దగ్గరపడుతుంటే నేనే అట్టలు కొని కత్తిరించుకుని రాయడం మొదలుపెట్టాను. మునుపటి రాత కాదది. క్రావడి వణికింది. కొన్నిచోట్ల లావు అవసరానికి మించి పడింది. అయినా నా రాతే, చూసినవాళ్ళెవరైనా పోల్చుకుంటారు.

కట్ట కట్టుకుని అయ్యగారింటికి వెళ్ళాను.

"ఈ ఏడు ప్రింటు చేయించేసేమమ్మా" అన్నారాయన, కుర్చీ చూపిస్తూ. "మీకు శ్రమ అని."

"శ్రమ నాకాండీ, తీసుకునేవాళ్ళకా?"

ఆయన మంచివాడు. మంచివాళ్ళు సూటిగా అడిగితే ఇబ్బంది పడతారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అందరూ ఒకలా ఉండరు కదమ్మా."

"అంటుకోదని డాక్టరు రాసిచ్చిన కాగితం తెచ్చి చదవమంటారా చర్చిలో?"

"వద్దమ్మా, వద్దు. రెండు పళ్ళేలు పెడదాం. ఎవరికిష్టమైంది వాళ్ళు తీసుకుంటారు."

ఒక్క పళ్ళెంలో కలిపెయ్యమని అడగాలనుకున్నాను. అడగలేదు. కలిపేస్తే అసలు పళ్ళెం దగ్గరికే రారేమోనన్న భయం ఆయనకే కాదు, నాకూ ఉంది.

2007, మొదటి రోజు

ఉదయం ఆరాధన అయ్యాక రెండు పళ్ళేలు పెట్టారు. నేను రెండోదాని పక్కన నిలబడ్డాను. నిలబడకుండా ఉండాల్సింది, కానీ నా పళ్ళెం ఒక్కదాన్నీ వదిలెయ్యబుద్ధి కాలేదు.

వరస మొత్తం మొదటి పళ్ళెం వైపు వెళ్ళింది. నాతో కలిసి పాటలు పాడినవాళ్ళు, నా దగ్గర చదువుకున్నవాళ్ళు. "హేపీ న్యూ ఇయర్ టీచరుగారూ" అన్నారు, దూరం నుంచి. తమ్ముడు ఇంటి తరఫున అందులోంచే ఒకటి తీసుకున్నాడు. ఏడో నెల దాటిన శాంతి వాడి వెనకే వచ్చి, తల ఎత్తకుండా ప్రింటు కార్డే తీసుకుని పోయింది.

ఎలమంచిలి నుంచి పండక్కి వచ్చిన ఎవరి చుట్టాలో రద్దీ లేదని నా పళ్ళెం దగ్గరికి వచ్చారు. "ఎంత బావుందండీ రాత! ఎవరు రాసేరు?" అని ఒకావిడ అడిగింది. నేనేనని చెప్పలేకపోయాను.

కొత్త సంవత్సరం నాడు ఎప్పుడూ కనపడనివాళ్ళు కూడా వస్తారు. ప్రింటు కార్డులు అయిపోయాయి. వెనక మిగిలినవాళ్ళు ఖాళీ పళ్ళాన్నీ నన్నూ చూశారు. వాగ్దానం లేకుండా ఏడాది మొదలుపెట్టడం మాలో ఎవరికీ మనసొప్పదు. అయినా కొందరు వెళ్ళిపోయారు. అందరికీ కాఫీలు చూసుకుని చివరికి వచ్చిన సరోజనమ్మగారు మాత్రం ఆగింది. కొంగు చివర వేళ్ళకి చుట్టుకుని, ఒక కార్డు అంచు పట్టుకుని లాగింది. నాకేసి చూసి నవ్వింది కూడా. నాకూ నవ్వొచ్చింది. ఇంటికొచ్చి తలుపేసుకున్నాక గాని నాకొచ్చింది నవ్వు కాదని తెలియలేదు.

మిగిలిన కార్డులు బల్ల మీద పెట్టాను. ఇక రాయకూడదని, పెన్ను కడిగి పెట్టెయ్యాలని నిజంగానే అనుకున్నాను. డ్రాపరు కోసం వెతుకుతుంటే తలుపు తోసుకుని శాంతి వచ్చింది. ఆగస్టు తర్వాత ఆ గదిలోకి తను రావడం అదే మొదలు. ఆయాసపడుతూ నా మంచం మీద కూర్చుని, పొద్దున్న తీసుకున్న ప్రింటు కార్డు నా ముందు పెట్టింది.

"వదినా, ఇది నాకు రాసియ్యి."

"మార్చుకోకూడదు కదా."

"మాట మార్చమంటన్నానా? అదే మాట. నీ చేత్తో రాసియ్యమంటన్నాను."

నేను తన మొహం చూశాను. ఏడ్చి వచ్చినట్టుంది.

"పొద్దున్న పళ్ళెం కాడ భయపడ్డాను వదినా" అంది. "లోపలున్న బిడ్డ గురించి."

"ఇప్పుడు భయం లేదా?"

"ఉంది."

లేదని అబద్ధం చెప్పి ఉంటే నేను రాసేదాన్ని కాదేమో. పెన్ను తీసుకుని, గీతని చూసుకుంటూ, ఒక్కో అక్షరమే దించాను. తను కదలకుండా నా చేతినే చూస్తూ కూర్చుంది. ఆ వంగిన వేళ్ళని అంత దగ్గరగా, అంతసేపు చూసిన మనిషి మా ఇంట్లో ఇంకెవరూ లేరు. చివరి క్రావడి వణక్కుండా తిరిగింది.

"ఆరనీ, శాంతీ" అన్నాను.

తను ఆగలేదు. కొత్త కార్డు మాత్రం పట్టుకుని లేచింది. వేళ్ళకి సిరా అంటింది. గుమ్మం దగ్గర ఒకసారి చెయ్యి తిప్పి చూసుకుంది. కొంగుకి తుడుచుకోలేదు. అలాగే వంటింట్లోకి వెళ్ళిపోయింది.